పాంబన్ చూసిన లష్కర్

మా నాయన కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) మీద ముప్పై ఏళ్లు లష్కర్‌గా చేసి రిటైరయ్యాడు. షట్టర్లు ఎత్తడం, దించడం, రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరగడం ఆయన పని. అందుకే రామేశ్వరం పోదామనుకున్నప్పుడు అమ్మ ఇరవై రెండు తీర్థాల గురించి అడిగితే, ఆయన అడిగింది ఒక్కటే: "ఆ రైలు బ్రిడ్జి ఎత్తేది సూడొచ్చునా?"

2025 మే నెలాఖరులో కర్నూలులో తుఫాన్ బండి మాట్లాడుకుని పదకొండు మందిమి బయల్దేరాం. దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మదురై దాటాక టైరు పంక్చరై గంటసేపు రోడ్డు పక్కన పులిహోర తిన్నాం, అంతే. మండపం దాటి, రామేశ్వరం దీవికి వెళ్లే పాంబన్ వంతెన ఎక్కాక మాత్రం నిద్రలో ఉన్నవాళ్లంతా లేచి కిటికీలకు అతుక్కున్నారు. రెండు పక్కలా సముద్రమే.

మేం ఎక్కింది రోడ్డు వంతెన. 1988లో రాజీవ్ గాంధీ ప్రారంభించాడు, పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. మధ్యకు వచ్చేసరికి బాగా ఎత్తుకు లేస్తుంది, పడవలు దాని కిందుగా వెళ్లిపోతాయి. బస్సు, లారీ ఆ ఎత్తు ఎక్కగలవు. రైలుకు అంత ఎగుడు పనికిరాదు. అందుకని రైలు వంతెనను నీళ్లకు దగ్గరగానే వేసి, పడవ వచ్చినప్పుడు తెరుచుకునేలా కట్టారు. పై నుంచి చూస్తే ఒకటి కాదు, రెండు రైలు వంతెనలు పక్కపక్కనే కనిపించాయి, పాతదీ కొత్తదీ.

పాతది 1914లో ప్రారంభమైంది. సముద్రం మీద మన దేశంలో కట్టిన మొదటి వంతెన. దాని నడిమి భాగం రెండు రెక్కలు. పడవ వస్తే మనుషులు చేత్తో తిప్పి వాటిని చెరో పక్కకు లేపేవాళ్లు. ఈ పద్ధతికి షెర్జర్ అనే అమెరికా ఇంజనీరు పేరుంది. రెక్క తలుపులా కీలు మీద తిరగదు. మొదలు వంపుగా ఉండి, ఊగే కుర్చీలా వెనక్కి దొర్లుతుంది. లేస్తూ లేస్తూనే వెనక్కి జరుగుతుంది కాబట్టి పడవకు దారి ఇంకా వెడల్పుగా దొరుకుతుంది.

"అంత ఇనుము చేత్తో ఎట్ల లేపుతారు తాతా?" అన్నాడు మావాడు.

"ఫారెస్టు చెక్‌పోస్టు కాడ అడ్డకర్ర సూల్లేదా? ఎనక పక్క రాయి కడ్తారు. నువ్వు గూడా ఒంటి చేత్తో ఎత్తొచ్చు."

కొత్తది మేం వెళ్లిన ఏడాదే, 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు ప్రారంభమైంది. ఇందులో రెక్కలు లేవు. 72.5 మీటర్ల నడిమి ముక్క మొత్తం ఉన్నది ఉన్నట్టే నిట్టనిలువుగా 17 మీటర్లు పైకి లేస్తుంది. రెండు చివర్లా టవర్లు, వాటి పైన చక్రాలు, చక్రాల మీద ఇనుప తాళ్లు, తాళ్ల అవతలి కొసకు బరువులు. "బాయి గిలకే ఇది" అని తేల్చేశాడు నాయన. "ఈ పక్క బొక్కెన, ఆ పక్క దానంత బరువు. మోటరుకు ఏం పనుంటది? కాస్త నెడితే సాలు. మేము స్క్రూ రాడ్ తిప్పి తిప్పి ఎత్తుతాంటిమి. సేతులు బొబ్బలెక్కుతాండె."

ఇంత దూరం వచ్చి ఆ లేవడం మాత్రం చూడలేదు. టీ కొట్టాయనను వచ్చీరాని తమిళంలో అడిగితే, ఒడ్డున వరసగా కట్టేసిన బోట్లు చూపించి నవ్వాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అక్కడ చేపల వేట నిషేధం. బోట్లు కదలనప్పుడు వంతెన ఎవరి కోసం లేస్తుంది? బయల్దేరే ముందు ఈ ముక్క కనుక్కోనిది నేనే. నాయన ఏమీ అనలేదు, టీ గ్లాసు మాత్రం కొంచెం గట్టిగా పెట్టాడు. కాసేపటికి ఒక రైలు నెమ్మదిగా ఆ నడిమి ముక్క మీదుగా వెళ్లింది. అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

ధనుష్కోడి వెళ్లే దారిలో 1964 తుఫాను సంగతి చెప్పాను. డిసెంబర్ 22 రాత్రి ప్యాసింజర్ రైలు ప్రయాణికులతో సహా సముద్రంలో కలిసిపోయింది. పాత వంతెనలో స్తంభాల మధ్య ఉండే 126 ముక్కలు కొట్టుకుపోయినా, ఆ షెర్జర్ రెక్కలు నిలబడ్డాయి. శ్రీధరన్ అనే కుర్ర ఇంజనీరు 46 రోజుల్లో వంతెనను మళ్లీ నిలబెట్టాడు. ఆయన చదివింది మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలోనే అంటే నాయన తలాడించాడు. 2009లో కర్నూలు మునిగిన రాత్రి ఆయన డ్యూటీలో ఉన్నాడు. నీళ్లు ఏం చేయగలవో ఆయనకు నేను చెప్పాలా?

రాత్రి లాడ్జిలో, అందరూ పడుకున్నాక, ఉన్నట్టుండి అడిగాడు: "ఆ తాళ్లకు గ్రీజు ఎవరు పెడ్తారో, ఆ ఉప్పు గాలికి?" నాకు తెలియదన్నాను.

తిరుగు ప్రయాణంలో నంద్యాల దాటాక కేసీ కెనాల్ కనిపించింది. ఎండాకాలం, చుక్క నీళ్లు లేవు. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించినప్పుడు ఇది పొలాలకే కాదు, పడవలు నడపడానికి కూడా. ఒక తూము దగ్గర నాయన బండి ఆపించాడు. దిగి, షట్టరు రాడ్డు మీద వేలు పెట్టి రుద్ది చూశాడు. వేలు నల్లగా అయింది.

"గ్రీజు ఉండాది" అని తువ్వాలుకు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.