కొండ మీద ఉద్యోగం, నీళ్ల కింద మనసు

ఒడిశా కొండల్లోని కోరాపుట్‌లో బ్యాంకు ఉద్యోగం. సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. నాకున్న పిచ్చేమో స్కూబా డైవింగ్! దేవుడికి హాస్యం ఎక్కువ.

నీళ్ల అడుగున పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒత్తిడికి ఒంట్లో కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోకముందే ఎత్తుకు వెళితే లోపల బుడగలు కట్టి, కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా తెచ్చిపెట్టగలదు. ఒకటికి మించి డైవ్‌లు చేసినవాళ్లు విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలంటారు. నాకు విమానం లేదు గాని ఘాట్ రోడ్డు ఉంది. అందుకే ఆదివారం విశాఖ రుషికొండ బీచ్‌లో మునిగి సోమవారం పొద్దున్నే కౌంటర్లో కూర్చోవడం కుదరదు. మిగిలినవి రెండో, నాలుగో శనివారాలు. శనివారం మునక, ఆదివారం సాయంత్రం దాకా విశాఖలో పడిగాపులు, ఆపైన కొండెక్కడం.

మొన్న అందులోనూ సగం పోయింది. శుక్రవారం లెక్కలో 200 రూపాయలు తేలక రాత్రి బస్సు తప్పింది. మధ్యాహ్నానికి చేరితే ఒక్క డైవే దక్కింది. పది మీటర్ల లోతున, చెవుల మీద నీటి ఒత్తిడి సర్దుకోవడానికి ముక్కు నొక్కిపట్టి చెవుల్లోకి గాలి ఊదుకుంటుంటే, ఒక చిన్న చేప మాస్కు అద్దం ముందు ఆగి తేరిపార చూసింది. అచ్చం టోకెన్ పిలవలేదేమని అడిగే ఖాతాదారులా.

నిన్న డాబా మీద వెట్‌సూట్, అదే ఒంటికి అతుక్కునే డైవింగ్ దుస్తు, ఆరేస్తే పక్కింటి పిన్నిగారు, "అదేమిటి బాబూ, దిష్టిబొమ్మా?" అన్నారు.

అవునండీ అన్నాను. రెండో శనివారానికి ఇంకా పదకొండు రోజులుంది.