61 విజయాలు, గీత మీద పడ్డ ఒక కాలు

అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ జట్టు గురించి ఎవరితో మాట్లాడినా ఒకటే మాట వినిపిస్తుంది, "వాళ్ళకేముందిలే, ఎప్పుడూ గెలిచేవాళ్ళే కదా" అని. అంకెలు చూస్తే కాదనలేం కూడా. 1996 అట్లాంటా నుంచి 2024 పారిస్ దాకా వరసగా ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు. ఒలింపిక్స్‌లో ఓటమి లేకుండా వరసగా 61 మ్యాచ్‌లు. వరల్డ్ కప్ అంటారా, 2022 సిడ్నీతో కలిపి 11 టైటిళ్ళు, అక్కడా వరసగా 30 విజయాలు. ఇంత ఏకపక్షంగా ఉంటే ఇంక చూడ్డానికేముంది అని టీవీ కట్టేసేవాళ్ళని నేను తప్పుపట్టను. నాకు మాత్రం ఈ రికార్డులో గెలుపుల కంటే, వీళ్ళని ఓడించిన జట్లూ, ఓడించేంత దగ్గరికి వచ్చిన జట్లూ ఎవరన్నదే ఆసక్తి. ఎందుకంటే ఈ పాతికేళ్ళలో అమెరికాని గట్టిగా భయపెట్టిన వాళ్ళలో చాలామంది అమెరికా కాలేజీల్లోనో, అమెరికా లీగ్‌లోనో రాటుదేలినవాళ్ళే.

పారిస్ ఫైనల్‌తో మొదలుపెడతాను. 2024 ఆగస్టు 11, బెర్సీ అరీనా, ఎదురుగా ఫ్రాన్స్, స్టేడియం మొత్తం వాళ్ళదే. హాఫ్‌టైమ్‌కి స్కోరు 25-25. ఒలింపిక్ ఫైనల్లో సగం ఆట అయ్యేసరికి అమెరికా పాతిక పాయింట్లు! మూడో క్వార్టర్ మొదట్లో ఫ్రాన్స్ ఏకంగా పది పాయింట్లు ముందుకెళ్ళిపోయింది. అమెరికా వాళ్ళ షాట్లు రింగుకి తగిలి బయటికొచ్చేస్తున్నాయి, లేఅప్‌లు కూడా పోతున్నాయి. ఎయ్‌జా విల్సన్ 21 పాయింట్లు, 13 రీబౌండ్లతో లాక్కొచ్చింది కాబట్టి సరిపోయింది. చివర్లో కాలియా కాపర్ రెండు ఫ్రీ త్రోలు వేసేసరికి అమెరికా 67-64తో ముందుంది. మిగిలింది నాలుగు సెకన్లు కూడా లేదు. బంతి ఫ్రాన్స్‌కి ఆడుతున్న గ్యాబీ విలియమ్స్ చేతికొచ్చింది, పరిగెత్తుతూనే విసిరింది, అది బోర్డుకి తగిలి నేరుగా రింగులో పడింది, బజర్ మోగింది. ఓవర్‌టైమే అనుకున్నారు జనం. కానీ రీప్లేలో చూస్తే విసిరేటప్పుడు ఆమె కాలు త్రీ పాయింట్ గీత మీద ఉంది. ఆ గీత బయట నుంచి వేస్తేనే మూడు పాయింట్లు, అంటే ఇది మూడు కాదు, రెండే. 67-66.

ఇంకో సంగతుంది. ఆ మ్యాచ్ పారిస్ క్రీడల్లో చిట్టచివరి పతక పోటీ. అప్పటికి చైనాకి 40 స్వర్ణాలు, అమెరికాకి 39. ఈ మ్యాచ్ గెలవబట్టే 40-40 అయింది, రజతాల లెక్కలో అమెరికా పట్టికలో పైనుంది. ఆ కాలు ఇంకాస్త వెనక పడి, ఓవర్‌టైమ్‌లో ఆట ఫ్రాన్స్ వైపు తిరిగుంటే బీజింగ్‌లో పండగే!

ఇంతకీ ఈ గ్యాబీ విలియమ్స్ ఎవరు? పుట్టింది అమెరికాలోని నెవాడాలో, తల్లి ఫ్రెంచ్. చదివింది, ఆడింది కనెక్టికట్ యూనివర్సిటీలో. అక్కడ ఆమెతో కలిసి ఆడిన వాళ్ళే బ్రియానా స్టీవర్ట్, నఫీసా కాలియర్. ఫైనల్లో అవతలి వైపు ఉన్నది వాళ్ళే. కాలేజీలో ఈ ముగ్గురి కోచ్ జీనో ఆరియెమా, 2012లోనూ 2016లోనూ అమెరికాకి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన కోచ్ కూడా ఆయనే. ఒకే గురువు, ఒకే డ్రెస్సింగ్ రూమ్. తమ విద్య తమ మీదికే తిరిగొస్తే ఎలా ఉంటుందో అమెరికా ఆ రోజు బాగా చూసింది.

ఇప్పుడు ఆ 61 సంగతి. ఎనిమిది ఒలింపిక్స్ లెక్కేయండి. 1996 నుంచి 2016 దాకా ఒక్కోదానికి ఎనిమిది మ్యాచ్‌ల చొప్పున 48. టోక్యోలో ఫార్మాట్ మారి మ్యాచ్‌లు తగ్గాయి కాబట్టి అక్కడ ఆరు, పారిస్‌లో ఆరు. మొత్తం 60. మరి ఆ మిగిలిన ఒక్కటి ఎక్కడిది? 1992 బార్సిలోనాలో క్యూబా మీద గెలిచిన కాంస్య పతక మ్యాచ్. అంతకుముందు సెమీస్‌లో యూనిఫైడ్ టీమ్, అంటే అప్పుడే విడిపోయిన సోవియట్ యూనియన్ ఆటగాళ్ళ జట్టు, 79-73తో వీళ్ళని ఓడించింది. మూడో స్థానం కోసం ఆడిన మ్యాచ్‌తో మొదలైన వరస అన్నమాట ఇది. వరల్డ్ కప్‌లోని 30 కూడా అచ్చం ఇంతే, 2006లో రష్యా చేతిలో సెమీస్‌లో 75-68తో ఓడాక బ్రెజిల్ మీద గెలిచిన కాంస్య మ్యాచే అందులో మొదటిది.

ఆ బార్సిలోనా ఓటమి గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే అదే ఊళ్ళో అదే నెలలో జోర్డన్, మ్యాజిక్, బర్డ్‌ల డ్రీమ్ టీమ్, అంటే అమెరికా మగవాళ్ళ జట్టు, ఆడుతోంది, ప్రపంచం కళ్ళన్నీ అటే. 1984, 1988లలో స్వర్ణం గెలిచిన ఆడవాళ్ళ జట్టు కాంస్యంతో ఇంటికొచ్చింది. రెండేళ్ళ తర్వాత ఆస్ట్రేలియాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో (ఇప్పటి వరల్డ్ కప్‌కి అప్పటి పేరు అదే) ఇంకా పెద్ద దెబ్బ, సెమీస్‌లో బ్రెజిల్ 110-107తో కొట్టింది. హోర్టెన్సియా, పౌలా, జానెత్ ఉన్న బ్రెజిల్ అది, ఫైనల్లో చైనాని కూడా ఓడించి కప్పు తీసుకుపోయింది. సెమీస్‌లో 110 పాయింట్లు ఇచ్చుకుందంటే అమెరికా డిఫెన్స్ ఎంత దారుణంగా ఉందో వేరే చెప్పాలా?

సొంత గడ్డ మీద అట్లాంటా ఒలింపిక్స్‌కి అప్పటికి రెండేళ్ళే ఉంది. ఇలాగే వదిలేస్తే పరువు పోతుందని యూఎస్‌ఏ బాస్కెట్‌బాల్ ఒక పని చేసింది. ఏడాది ముందే జట్టుని ఎంపిక చేసి, ఒక్కొక్కరికి ఏడాదికి 50 వేల డాలర్లు ఇచ్చి, స్టాన్‌ఫోర్డ్ కోచ్ టారా వాన్‌డెర్‌వీర్ చేతిలో పెట్టి ప్రపంచమంతా తిప్పింది. ఆవిడ ఆ సీజన్‌కి స్టాన్‌ఫోర్డ్ ఉద్యోగం పక్కన పెట్టి మరీ వచ్చింది. లిసా లెస్లీ, షెరిల్ స్వూప్స్, డాన్ స్టేలీ, వీళ్ళందరికీ అక్కలాంటి టెరీసా ఎడ్వర్డ్స్. ఒలింపిక్స్‌కి ముందు 52 మ్యాచ్‌లు ఆడితే 52 గెలిచారు, అట్లాంటాలో ఎనిమిదికి ఎనిమిది. ఫైనల్లో వచ్చింది మళ్ళీ ఆ బ్రెజిలే, 111-87. నన్నడిగితే ఈ జట్టు చరిత్రలో అసలైన ఏడాది అదే. తర్వాత గెలిచిన స్వర్ణాలన్నీ ఆ ఏడాది వేసిన పునాది మీద లేచినవే. ఎందుకంటే ఆ జట్టు పుట్టించిన ఊపు మీదే 1997లో అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ మొదలైంది, కాలేజీ అయిపోయాక కూడా ఇంట్లోనే ఆడుకునే చోటు దొరికింది.

అంతకుముందు కథ వేరు. 1976లో మాంట్రియల్‌లో ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు అమెరికా తన మొదటి మ్యాచ్‌లోనే జపాన్ చేతిలో ఓడింది, 84-71. సోవియట్ యూనియన్ చేతిలో అయితే 112-77, చిత్తు చిత్తు. రజతం దక్కిందంటే అదే గొప్ప. సోవియట్ జట్టులో ఉల్యానా సెమ్యోనోవా అనే లాట్వియా అమ్మాయి ఉండేది, ఏడడుగుల మనిషి, సోవియట్ జెర్సీలో ఆమె అధికారిక అంతర్జాతీయ మ్యాచ్ ఒక్కటి కూడా ఓడలేదు. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ చట్టం, అంటే విద్యాసంస్థల్లో ఆడా మగా వివక్ష చూపకూడదనే చట్టం, వచ్చింది కానీ దాని ఫలితం మైదానంలో కనపడ్డానికి టైమ్ పట్టింది. కాలేజీల్లో అమ్మాయిలకి స్కాలర్‌షిప్పులు, జిమ్‌లు, కోచ్‌లు సమకూరాలి కదా, రాత్రికి రాత్రి అయ్యే పని కాదు. 1983 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సోవియట్లదే పైచేయి, కానీ తేడా రెండు పాయింట్లే, 84-82. మూడేళ్ళు తిరిగేసరికి 1986లో మాస్కోలోనే, వాళ్ళ జనం ముందే, అమెరికా 108-88తో ఫైనల్ గెలిచింది. అమెరికా స్టార్ చెరిల్ మిల్లర్ కాలం అది.

సరే, అసలు విషయానికొస్తే, డబ్ల్యూఎన్‌బీఏ వచ్చాక ప్రపంచం మొత్తం అక్కడికి వచ్చి చేరింది. ఆస్ట్రేలియా నుంచి లారెన్ జాక్సన్ 2001లో సియాటిల్ జట్టుకి వచ్చింది, అమెరికా ఆటగత్తె స్యూ బర్డ్‌తో కలిసి రెండు టైటిళ్ళు గెలిచింది, మూడుసార్లు లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ క్రీడాకారిణి) అయింది. మధ్యమధ్యలో సొంత జెర్సీ వేసుకుని అదే స్యూ బర్డ్ జట్టు మీద ఒలింపిక్ ఫైనల్స్ ఆడింది. 2000, 2004, 2008 మూడింట్లోనూ ఆస్ట్రేలియాకి రజతమే. కానీ 2006 ప్రపంచ టైటిల్ మాత్రం వాళ్ళది, అమెరికాని కొట్టొచ్చిన రష్యాని ఫైనల్లో 91-74తో ఓడించి. ఆ టోర్నీ ఎంవీపీ పెనీ టేలర్. ఆమె డబ్ల్యూఎన్‌బీఏలో ఫీనిక్స్ జట్టులో డయానా టారాసీకి టీమ్‌మేట్, తర్వాత భార్య కూడా. ఆ 2006 అమెరికా జట్టులో టారాసీ ఉంది. ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషికి ఒకే ఇంట్లో ఉంటూ 2006 గురించి ఎన్నిసార్లు వినాల్సొచ్చిందో పాపం.

ఇంకా చాలానే ఉన్నాయి. టోక్యో ఫైనల్‌కి వచ్చిన జపాన్ కోచ్ టామ్ హోవాస్ అమెరికనే. పారిస్‌లో ఆస్ట్రేలియాని ఓడించి, ఆఫ్రికా నుంచి ఒలింపిక్ బాస్కెట్‌బాల్ క్వార్టర్స్‌కి వెళ్ళిన తొలి జట్టుగా నిలిచిన నైజీరియాలో అమెరికాలో పుట్టి పెరిగిన అమ్మాయిలు ఎంతమందో. సౌత్ డకోటా అమ్మాయి బెకీ హామన్ అయితే సొంత జట్టులో చోటు రాదని తేలాక 2008లో రష్యా పౌరసత్వం తీసుకుని రష్యాకే ఆడింది. దేశద్రోహి అన్నంత గోల చేశారు అప్పట్లో. సెమీస్‌లో అమెరికా చేతిలోనే ఓడి కాంస్యం తెచ్చుకుంది. నా దృష్టిలో ఆవిడ చేసింది తప్పేం కాదు, ఆడగలిగే వయసులో ఒలింపిక్స్ ఆడాలనుకోవడం ఎవరికైనా ఉంటుంది.

ఈ జట్టుకున్న అసలు బలహీనత కలిసి ఆడే టైమ్ లేకపోవడం, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 1996 జట్టుకి ఏడాది దొరికింది, ఇప్పుడు లీగ్ మధ్యలో ఆపి కొద్ది రోజుల్లో సర్దుకుని వెళ్ళాలి. యూరప్ జట్లలో చాలామంది కుర్రతనం నుంచీ కలిసి ఆడుతున్నవాళ్ళు. అందుకే 2024 ఫిబ్రవరిలో ఆంట్‌వెర్ప్‌లో క్వాలిఫయింగ్ టోర్నీలో బెల్జియం దాదాపు ఓడించినంత పని చేసింది. సరిగ్గా బజర్ మోగే వేళకి స్టీవర్ట్ బంతిని లోపలికి తోసింది కాబట్టి 81-79తో బతికిపోయారు. పారిస్‌కి ముందు ఆల్‌స్టార్ మ్యాచ్‌లో అయితే ఒలింపిక్ జట్టు ఓడిపోయింది కూడా, ఎవరి చేతిలో అంటే ఒలింపిక్ జట్టులో లేని లీగ్ ఆటగాళ్ళ చేతిలో, 117-109. అరీకే ఒగున్బోవాలే 34 పాయింట్లు కొట్టింది. 2021లోనూ ఇదే జరిగింది, అప్పుడూ ఎక్కువ పాయింట్లు ఆమెవే. ఒలింపిక్ జట్టులో లేని అమ్మాయి రెండుసార్లు వాయించి పంపింది, భలే నచ్చింది నాకు. ఆ ఏడాదే లీగ్‌లోకి వచ్చిన స్టార్ కెయిట్లిన్ క్లార్క్‌ని పారిస్ జట్టులోకి తీసుకోలేదని అంత రచ్చ జరిగింది కదా, నాకైతే ఒగున్బోవాలే గురించే ఎవరైనా అడిగుండాల్సింది అనిపించింది.

2026 వరల్డ్ కప్‌కి వేదిక బెర్లిన్. ఈ వరస తెగేది ఒలింపిక్స్‌లో కంటే వరల్డ్ కప్‌లోనే అని నా అంచనా, ఎందుకంటే ఒలింపిక్స్‌కి పెట్టినంత శ్రద్ధ అమెరికా దీనికి పెట్టదు. ఎవరు తెంచుతారంటే నేను మొదట ఫ్రాన్స్ పేరు చెప్పను. 2023, 2025లలో వరసగా యూరోబాస్కెట్ గెలిచిన బెల్జియం ఒకటి, ఎమ్మా మీస్మాన్ ఉన్నంతకాలం వాళ్ళని తీసిపారేయలేం. రెండోది జర్మనీ. లియోనీ ఫీబిష్, న్యారా సబాలీ 2024లో డబ్ల్యూఎన్‌బీఏ టైటిల్ గెలిచిన న్యూయార్క్ లిబర్టీ జట్టులో ఉన్నారు, అదే జట్టులో స్టీవర్ట్, సబ్రీనా అయోనెస్కూ కూడా ఉన్నారు. స్టీవర్ట్ ఏ వైపు తిరిగి షాట్ వేస్తుందో, అయోనెస్కూకి ఎక్కడ అడ్డం నిలబడాలో రోజూ ప్రాక్టీసులో చూసినవాళ్ళు. న్యారా అక్క సాటూ సబాలీ ఒరెగాన్‌లో అయోనెస్కూతో కలిసి కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడింది. వీడియోలు చూసి నోట్సు రాసుకోవాల్సిన పని వీళ్ళకి లేదు.