జాంబవంతుడి పని కూడా మనదే

శ్రావణమాసం వచ్చిందంటే గుంతకల్లు నుంచి కసాపురం దారంతా జనమే. శని, మంగళవారాల్లో నెట్టికంటి ఆంజనేయస్వామి దర్శనానికి అనంతపురం, కర్నూలు వాళ్లే కాదు, బళ్లారి వైపు నుంచీ వస్తారు. ఆకుపూజ, వడమాల, సిందూరం ఎప్పుడూ ఉండేవే. ఈమధ్య వాటితోపాటు స్వామి ముందుకు హాల్‌టికెట్లు కూడా వస్తున్నాయి. కానిస్టేబుల్, డీఎస్సీ, గ్రూప్స్... పరీక్ష ఏదైనా, ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టుకొచ్చిన ఆ కాగితాన్ని అయ్యగారి చేతికిచ్చేటప్పుడు పిల్లల ముఖంలో టెన్షన్ దాచినా దాగదు.

అలా వచ్చే పిల్లలకు నేను చెప్పాలనుకునే శ్లోకం ఒకటుంది. వాల్మీకి రామాయణం, కిష్కింధకాండ, మూడో సర్గ.

నానృగ్వేదవినీతస్య నాయజుర్వేదధారిణః ।
నాసామవేదవిదుషః శక్యమేవం విభాషితుమ్ ॥

ఋగ్వేదం క్రమంగా నేర్చుకోనివాడు, యజుర్వేదం ధారణలో లేనివాడు, సామవేదం తెలియనివాడు ఇలా మాట్లాడలేడు అని రాముడు లక్ష్మణుడితో అన్న మాట ఇది. వాలికి భయపడి ఋష్యమూకం మీద తలదాచుకున్న సుగ్రీవుడు, విల్లంబులతో వస్తున్న అన్నదమ్ములను చూసి హడలిపోయాడు. వాళ్లెవరో కనుక్కొని రమ్మని హనుమంతుణ్ణి పంపాడు. భిక్షువు వేషంలో వెళ్లిన హనుమంతుడు మాట్లాడుతున్నంతసేపూ రాముడు శ్రద్ధగా గమనించాడు. ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదన్నాడు. ముఖంలో, కళ్లలో, నుదుట, కనుబొమల్లో ఎక్కడా వికారం లేదన్నాడు. సాగదీయలేదు, తడబడలేదు, నత్తనడకా కాదు, పరుగూ కాదు, గొంతు మధ్యమస్వరంలోనే ఉందన్నాడు. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఈ సర్గ తాత్పర్యంతో సహా ఒకసారి చదవాలి. మాట ఎలా ఉండాలో ఇంతకంటే వివరంగా ఎవరు చెప్తారు!

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకొకటి. ఆ రోజుకి హనుమంతుడికి తన బలం తనకే తెలియదు. చిన్నప్పుడు ఆశ్రమాల్లో చేసిన అల్లరికి ఋషులు శపించారని, ఎవరైనా గుర్తుచేసేదాకా తన శక్తి తనకు తెలియకుండా పోయిందని ఉత్తరకాండ చెబుతుంది. శాపం బలం సంగతి మరిపించింది గానీ చదువును ముట్టుకోలేదు. ఉదయగిరి నుంచి అస్తగిరి దాకా సూర్యుడికి ఎదురుగా సాగుతూ నేర్చుకున్న వ్యాకరణం అలాగే ఉంది. అది ఏదో ఒకనాడు రాముడి ముందు పనికొస్తుందని అప్పుడు ఆయనకేం తెలుసు? నాకు ధైర్యం లేదు, నావల్ల కాదు అనుకునే పిల్లలు ఈ సంగతి మనసుకి పట్టించుకోవాలి. ధైర్యం ఇంకా రాకపోయినా, కూర్చొని చదివింది ఎక్కడికీ పోదు.

మనం ఆంజనేయుణ్ణి ఎక్కువగా బలం కోసమే తలుచుకుంటాం. కానీ 'బుద్ధిర్బలం యశో ధైర్యం' శ్లోకంలో బలం కంటే ముందు బుద్ధి ఉంది, చివర్లో వాక్పటుత్వం ఉంది. కసాపురంలో స్వామిని ప్రతిష్ఠించారని చెప్పే వ్యాసరాయలవారు కూడా విజయనగర కాలంలో పేరుమోసిన తర్కపండితులు. ఆయన 732 ఆంజనేయ విగ్రహాలను ప్రతిష్ఠించారని ప్రతీతి. అంత చదువుకున్న మనిషి ఊరూరా హనుమంతుణ్ణి నిలబెట్టుకుంటూ పోయాడంటే, ఆ స్వామిలో ఆయనకు ఒక్క కండబలమే కనిపించి ఉంటుందని నేననుకోను.

ఇంకో సంగతి. ఆ రోజు హనుమంతుడు వెళ్లింది తన పని మీద కాదు. రాజ్యం, భార్య పోగొట్టుకొని కొండల్లో తిరుగుతున్న సుగ్రీవుడి కోసం వెళ్లాడు. అలాంటివాడి వెంట ఉంటే ఎవరికైనా ఏం ఒరుగుతుంది? అయినా వదల్లేదు. రాముడు ఆయన్ను మొదటిసారి చూసింది ఇంకొకరి కష్టం మోస్తుండగానే. తర్వాత సీతమ్మను వెతకడానికి వానరులు నాలుగు దిక్కులకూ బయలుదేరినప్పుడు, రాముడి ఉంగరం హనుమంతుడి చేతికే వచ్చింది.

గుడి బయట నీడలో ఒకసారి ఒక అబ్బాయి తనకంటే చిన్నవాడికి శాతాల లెక్కలు చెప్పడం చూశాను. "అన్నా, ఇది ఎట్ల వచ్చింది?" అని వాడు మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. రెండుసార్లు ఒకేలా చెప్పిన ఈ అబ్బాయి మూడోసారి ఆగిపోయాడు. పెన్ను పక్కన పెట్టి, నూర్రూపాయల సరుకు మీద ఇరవై తగ్గిస్తే అంటూ అంగడి బేరంలా మొదలుపెట్టాడు. చిన్నవాడికి అర్థమైంది. చెప్పినవాడి గొంతు కూడా మారింది. పుస్తకంలో ఉన్నది తన మాటల్లోకి వచ్చిందని వాడికే తెలిసినట్టుంది.

అశోకవనంలో హనుమంతుడు చేసిందీ ఇలాంటిదే. శింశుపా వృక్షం మీద కూర్చొని, పండితుడిలా సంస్కృతం మాట్లాడితే సీతమ్మ రావణుడే అనుకొని భయపడుతుందేమో అని ఆలోచించాడు. రాముణ్ణి మెప్పించిన పాండిత్యం అంతా ఉండి కూడా, ఆ తల్లికి భయం కలగని మాట ఏదా అని వెతుక్కున్నాడు.

పెద్దవాళ్లకు కూడా ఈ కథలో ఒక చోటుంది. సముద్రం ఒడ్డున వానరులు ఎవరెంత దూరం దూకగలరో చెప్పుకుంటుంటే, తొంభై యోజనాలే వెళ్లగలనన్న జాంబవంతుడు తన ముసలితనం గురించి వాపోతూ కూర్చోలేదు. ఓ పక్కన మౌనంగా ఉన్న హనుమంతుడి దగ్గరికి వెళ్లి, నీ పుట్టుక ఇది, నీ శక్తి ఇది అని విడమరిచి చెప్పాడు. మన ఊళ్లలో రిటైరైన మాస్టర్లు ఉన్నారు. ఉద్యోగం వచ్చి బెంగళూరు, హైదరాబాద్ వెళ్లిన అక్కలు, అన్నలు ఉన్నారు. పండక్కి వచ్చినప్పుడు ఒక్క పూట వీధిలో చదువుకుంటున్న పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టుకోండి. అప్లికేషన్ ఎలా నింపాలో, ఇంటర్వ్యూలో ఏమడుగుతారో చెప్పండి. వాళ్లలో మీకు కనిపించిన మంచిని పేరు పెట్టి మరీ చెప్పండి. అది వాళ్లకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.