నాన్న ఫ్లాపీల డబ్బా – మూడో వారం అప్‌డేట్

కొత్తగా చూస్తున్నవాళ్లకి: తెనాలిలో నాన్న డీటీపీ షాపు మూసేసినప్పుడు అటక మీద పడేసిన డబ్బా ఇది. 23 ఫ్లాపీలు, 58 సీడీలు, 40 జీబీ ఐడీఈ (పాతకాలం వెడల్పాటి కేబుల్ రకం) హార్డ్‌డిస్క్ ఒకటి. అన్నీ ఒక 4 టీబీ పోర్టబుల్ డ్రైవ్‌లోకి ఎక్కించాలని మొదలెట్టా, రెండు ఆదివారాల్లో అయిపోద్దనుకున్నా, ఇంకా అవలేదు.

ముందు డ్రైవ్ సంగతి. పది వేల చిల్లర పడింది. విండోస్‌లో పెడితే 3.63 టీబీ అని చూపించింది, కంగారు పడక్కర్లేదు, కంపెనీవాళ్లు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన, అంతే. డేటా పెట్టేముందు బ్యాడ్‌బ్లాక్స్‌తో (డిస్క్‌లో చెడ్డ చోట్లు వెతికే ప్రోగ్రామ్) డ్రైవ్ నిండా ఒకే ప్యాటర్న్ రాయించి మళ్లీ చదివించా, దానికే ఒక రోజంతా పట్టింది. మామూలుగా నాలుగు ప్యాటర్న్‌లు నడుపుతుంది, అలా వదిలేస్తే దగ్గర దగ్గర నాలుగు రోజులు తినేది. ఇంకోటి, ఇది ఎస్‌ఎంఆర్ డ్రైవ్, అంటే పెంకుటింటి మీద పెంకులు పేర్చినట్టు ట్రాకులు ఒకదాని మీదకి ఒకటి కాస్త ఎక్కి ఉంటాయి, చోటు కలిసొస్తుంది గానీ మధ్యలో ఏదైనా మార్చాలంటే పక్క పెంకులూ కదపాలి. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో పంపితే స్పీడ్ పడిపోయి నత్తలా నడిచింది. ఇప్పుడు ఒక్కో సీడీని ఒకే ఇమేజ్ ఫైల్‌గా (సీడీ మొత్తానికి అచ్చు నకలు) పంపిస్తున్నా, హాయిగా ఉంది.

ఐడీఈ డిస్క్ అన్నిటికంటే సుఖం. యూఎస్‌బీ అడాప్టర్‌కి విడిగా కరెంటు ఇచ్చే బ్రిక్ ఉన్నది కొనండి, లేకపోతే డిస్క్ తిరగదు. వెనక జంపర్ (డిస్క్ మాస్టరా, స్లేవా అంటే మొదటిదా, రెండోదా అని చెప్పే చిన్న క్లిప్పు) స్లేవ్‌లో ఉంటే నాకు కనపడలేదు, మాస్టర్‌కి మార్చగానే వచ్చేసింది. అరగంటలో మొత్తం ఇమేజ్ అయిపోయింది. అందులో వాడింది 31 జీబీ.

సీడీల్లో 52 చదివాయి. మరకలున్నవాటిని సబ్బునీళ్లతో కడిగి మధ్యలోంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా తుడిస్తే గీతలు ట్రాకు వెంట పడి ఇంకా చెడుతుంది. ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదువుద్ది, ల్యాప్‌టాప్ డ్రైవ్ వద్దన్న నాలుగింటిని పాత డెస్క్‌టాప్ డ్రైవ్ చదివింది. అక్క పెళ్లి వీసీడీలు (వీడియో సీడీలు) మాత్రం ఏడిపించాయి, లైనక్స్‌లో వాటి .dat వీడియో ఫైల్ మామూలుగా కాపీ చేస్తుంటే ఎర్రర్, సీడీ పాడైందేమో అని రెండుసార్లు కడిగా కూడా, తీరా చూస్తే వీసీడీలో సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) ఫార్మాటే వేరంట. వీసీడీఎక్స్‌రిప్ అనే ప్రోగ్రామ్‌తో తీస్తే నిమిషాల్లో వచ్చేశాయి. మిగిలిన ఆరింటికి పైన పూత పొరలు పొరలుగా లేచిపోయింది, వాటిని వదిలేశా.

ఇక ఫ్లాపీలు. పెట్టేముందు ఆ రేకు పక్కకి జరిపి లోపల చూడండి, తెల్లగా బూజు ఉంటే డ్రైవ్‌లో పెట్టొద్దు. నేను చూడకుండా పెట్టా, డ్రైవ్‌లో చదివే హెడ్‌కి మసి అంటుకుని తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీ మీద కూడా గీత పడింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్ తుడిచాకే మళ్లీ దారికొచ్చింది. ఒక్కో ఫ్లాపీలో 2,880 సెక్టార్లు, డీడీరెస్క్యూ (పాడైన డిస్కుల్లోంచి డేటా లాగే ప్రోగ్రామ్) మొదటి రౌండ్‌లో చదివినవి పక్కన పెట్టేసి, మొండివాటి మీద మళ్లీ మళ్లీ పడుద్ది, గర్ర్ గర్ర్‌మని ఒకే చోట ఇరవై నిమిషాలు. 23లో 17 ఫ్లాపీలు వచ్చాయి.

ఆ గర్ర్ వింటూ నాన్న పక్కన కుర్చీ వేసుక్కూచున్నాడు. ఆయన లెక్క చెప్పాడు, అప్పట్లో ఫ్లాపీ 15 రూపాయలకి కొనేవాడంట. నేను క్యాల్క్యులేటర్ తీశా: ఒక జీబీకి 700 ఫ్లాపీలు, అంటే పదివేల అయిదొందలు. ఈ డ్రైవ్ మొత్తానికి నేను పెట్టింది కూడా దాదాపు అంతే. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్‌డిస్క్‌లో 24 అంగుళాల పళ్లేలు యాభై ఉండేవని, టన్ను బరువని, అందులో పట్టేది 50 లక్షల అక్షరాలేనని చెప్తే, "అంటే నా నాలుగు ఫ్లాపీలే కదరా" అన్నాడు, కాస్త గర్వంగానే. రేటు ఎప్పుడూ కిందకే వస్తుందని మాత్రం అనుకోకండి, 2011లో ఇంకా తగ్గుతుందిలే అని ఆగితే థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి ఫ్యాక్టరీలు మునిగాయి, అదే 500 జీబీ డ్రైవ్‌ని ఎక్కువ పెట్టి కొన్నా.

ఆకుపచ్చ ఇంకుతో "పెళ్లి కార్డు ఫైనల్ 2" అని రాసిన ఫ్లాపీ కోసమే ఆయన ఎదురుచూపు. 11 సెక్టార్లు పోయినా పేజ్‌మేకర్ (అప్పటి డీటీపీ సాఫ్ట్‌వేర్) ఫైల్ తెరుచుకుంది, ఎక్స్‌పీ వర్చువల్ మెషీన్‌లో, అంటే ఇప్పటి కంప్యూటర్ లోపలే నడిపే పాత విండోస్‌లో. తీరా చూస్తే తెలుగు ఎక్కడా లేదు, అంతా ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిగీతలు. ఇంగ్లిష్ అక్షరాల చోట తెలుగు చూపించే అను ఫాంట్లు లేవు మరి! ఐడీఈ డిస్క్ ఇమేజ్‌లో ఫాంట్స్ ఫోల్డర్ గుర్తొచ్చి అక్కడ్నుంచి కాపీ చేసి మళ్లీ తెరిచా. అక్క పేరు, బావ పేరు, కింద బంధుమిత్రుల అభినందనలతో, అన్నీ కుదురుగా వచ్చేశాయి. నాన్న కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ దగ్గరికి వంగి, "చూశావా, ముహూర్తంలో దీర్ఘం ఎగిరిపోయింది. అయిదొందల కార్డులు కొట్టాం, ఒక్కడూ చెప్పలేదు" అన్నాడు.

ఇప్పటిదాకా మొత్తం 55 జీబీ. డ్రైవ్ ఐకాన్ కింద నీలం గీత కనీకనపడనట్టు ఉంది. చెక్‌సమ్‌లు (ఫైల్ మారిందో లేదో పట్టిచ్చే అంకెలు) తీసి రెండో కాపీ అక్కావాళ్లింట్లో పెట్టాలి. వచ్చే వారం డీవీ (డిజిటల్ వీడియో కెమెరా) క్యాసెట్లు, గంటకి 13 జీబీ లెక్కన ఎనిమిది ఉన్నాయి, ఆ కెమెరాని కంప్యూటర్‌కి కలపడానికి పాత ఫైర్‌వైర్ కార్డు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.