మా పాప పౌరసత్వం, నా పట్టుదల

"కోర్టులో దత్తత అయిపోయింది కదా, ఇంకా ఈ సిటిజన్‌షిప్ గొడవేంటి?" అని, వేరే దేశం నుంచి అమెరికాకి దత్తత తెచ్చుకున్న మా పాప గురించి మా చుట్టాల్లో చాలామంది అడిగారు. కోర్టు మమ్మల్ని అమ్మానాన్నలని చెప్పడం వేరు, దేశం పాపని తన పౌరురాలిగా ఒప్పుకోవడం వేరు. అమెరికాలో ఈ రెండింటినీ కలిపింది 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన చైల్డ్ సిటిజన్‌షిప్ యాక్ట్. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా పౌరులై, 18 నిండని బిడ్డ గ్రీన్‌కార్డు హోదాతో వాళ్ల సంరక్షణలో, వాళ్ల దగ్గరే ఉంటే పౌరసత్వం దానంతటదే వస్తుంది.

ఎప్పుడు వస్తుందనేది మాత్రం వీసాని బట్టి ఉంటుంది. పుట్టిన దేశంలోనే దత్తత పూర్తయి ఐఆర్-3, ఐహెచ్-3 వీసాల మీద వచ్చే పిల్లలు ఇక్కడ అడుగుపెట్టగానే పౌరులు. పౌరసత్వ సర్టిఫికెట్ కూడా ఇంటికే పంపుతారు. మా పాపది ఐహెచ్-4. పాప పుట్టిన దేశంలో మాకు ఇచ్చింది గార్డియన్‌షిప్ (సంరక్షణ బాధ్యత) మాత్రమే. ఇక్కడి కోర్టు దత్తత ఖాయం చేసేదాకా తన చేతిలో ఉన్నది గ్రీన్‌కార్డే. ఆ మధ్యలో నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆర్డర్ వచ్చిన రోజునే పాప పౌరురాలైంది. ఆ మాట చెప్పే ఉత్తరం మాత్రం ఏ ఆఫీసు నుంచీ రాదు. సర్టిఫికెట్ కావాలంటే ఎన్-600 ఫారం మనమే పెట్టుకోవాలి.

పాస్‌పోర్టు ఉంటే సరిపోతుందని మా ఆయన. అదీ రుజువే, కాదనను. కానీ 16 ఏళ్లలోపు పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్లే చెల్లుతుంది, సర్టిఫికెట్‌కి గడువే లేదు. రెండూ ఉండాల్సిందేనని పట్టుబట్టాను. సోషల్ సెక్యూరిటీ రికార్డు కూడా మార్పించాం. గ్రీన్‌కార్డు హోదాతో ఉన్నప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకుంటే, మనం వెళ్లి చెప్పేదాకా అక్కడ పౌరురాలని నమోదు కాదు.

నాకింత పట్టుదల ఎందుకంటే, ఆ చట్టం వచ్చేనాటికే 18 నిండినవాళ్లకి అది వర్తించలేదు. 1979లో మూడేళ్ల వయసులో కొరియా నుంచి దత్తతకి వచ్చిన ఒకాయన్ని 2016లో తిరిగి ఆ దేశానికి పంపేశారు. ఆయన మీద నేరాలున్న మాట నిజమే, వాటికి శిక్షా పడింది. కానీ ఆయన్ని దేశం దాటించగలిగారంటే, చిన్నప్పుడు పెంచినవాళ్లలో ఎవరూ పౌరసత్వం పని పూర్తి చేయకపోబట్టే. పుట్టిన దేశం భాష కూడా ఆయనకి రాదు. పిల్లలు చేసుకోలేని పని పెద్దవాళ్లు వదిలేస్తే, దాని ఫలితం పిల్లలు జీవితాంతం మొయ్యడం నాకు ఘోరమైన అన్యాయంగా అనిపిస్తుంది. అలా మిగిలిపోయినవాళ్ల కోసం అమెరికా కాంగ్రెస్‌లో (అక్కడి పార్లమెంటులో) పలుమార్లు బిల్లు పెట్టారు. అది చట్టమవ్వాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మీ ఇంట్లో, దత్తత ఇక్కడ పూర్తి కావాల్సిన ఐఆర్-4 వీసా మీదో ఐహెచ్-4 మీదో వచ్చిన బిడ్డ ఉంటే, ముందు కోర్టు ఆర్డర్ సంగతి చూసుకోండి. ఎన్-600 పెద్దయ్యాక కూడా పెట్టుకోవచ్చు. దత్తత మాత్రం 18 నిండకముందే పూర్తి కావాలి.