స్పీకర్లు మార్చాను, సంగతి తలుపులో తేలింది

మొదటి ఆదివారం

కారుకు పదమూడేళ్లు. ఎడమవైపు ముందు స్పీకరు గరగరలాడుతూ నెల దాటింది. సౌండు తగ్గించి నెట్టుకొస్తున్నాను. ఒంటిమిట్టకు వెళ్తుంటే వెనక సీటులో అన్నమయ్య కీర్తన వింటున్న అమ్మ, "తంబురాను రంపంతో కోస్తున్నట్టుంది కదరా" అంది. ఇక తలుపు విప్పక తప్పలేదు.

లోపలి ప్యానెల్‌కు మూడు స్క్రూలు, చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు. ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా పెకలించినా రెండు క్లిప్పులు విరిగాయి. ఈ పని పెట్టుకునేవాళ్లు ముందే ఓ పది క్లిప్పులు కొనుక్కోవడం మంచిది.

స్పీకరు కాగితపు కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచును ముట్టుకుంటే అప్పడంలా రాలింది. కడప ఎండలో అద్దాలు మూసి నిలబెట్టే కారులో అది ఇన్నాళ్లు ఉండటమే గొప్ప. కోన్‌ను కదిలించే తీగచుట్ట, అంటే కాయిలు, తెగిందేమోనని చూస్తే మల్టీమీటరు 3.4 ఓములు చూపించింది. 4 ఓముల స్పీకరు మీటరులో కాస్త తక్కువే చూపిస్తుంది కాబట్టి కాయిలు తెగలేదు. అంచు పోయి, కాయిలు పక్కకు ఒరిగి రాసుకుంటోంది. కోన్‌ను వేళ్లతో మెల్లగా నొక్కితే ఆ రాపిడి చేతికే తెలిసింది.

కొనే ముందు అద్దం పూర్తిగా దించి లోతు కొలిచాను. రేకు నుంచి అద్దానికి 55 మిల్లీమీటర్లు.

ఏడు రోడ్ల దగ్గర దుకాణంలో మొదట చూపించిన అట్టపెట్టె మీద 350 వాట్లని పెద్ద అక్షరాలు. అది క్షణకాలం తట్టుకునే గరిష్ఠం. చూడాల్సింది కింద చిన్న అక్షరాల్లో ఉండే ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా తట్టుకునే వాట్లు. అదీ నాకు ముఖ్యం కాదు. ఆంప్లిఫయర్ లేని స్టీరియో 14 వోల్టుల నుంచి ఒక్కో స్పీకరుకు శుభ్రంగా ఇవ్వగలిగేది ఇరవై వాట్లకు అటూ ఇటూ. అందుకే సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన వాట్లకు ఎంత మోత వస్తుందో చెప్పే అంకె చూశాను. 89 డెసిబెల్స్ స్పీకరుకు రెట్టింపు వాట్లు పోస్తే వచ్చే మోత, 92 ఉన్నదానికి ఉన్న వాట్లతోనే వస్తుంది. సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకరు, అదే ట్వీటరు, విడిగా వచ్చే కాంపొనెంట్ సెట్టు గురించి దుకాణదారు చాలాసేపు చెప్పాడు. నా కారులో ట్వీటరుకు చోటు లేదు, జేబులోనూ అంతంతే. రబ్బరు అంచు, పాలీప్రొపిలీన్ కోన్ ఉన్న ఆరున్నర అంగుళాల కోయాక్సియల్ జత, అంటే ట్వీటరు మధ్యలోనే ఉండేవి, తీసుకున్నాను. 3,400 రూపాయలు.

రెండో ఆదివారం

కొత్త స్పీకరు లోతు 60 మిల్లీమీటర్లు. అలాగే బిగిస్తే అద్దం దిగి అయస్కాంతానికి తగులుతుంది. మధ్యలో రింగు కావాలి. వడ్రంగి ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసే పలక) చాలన్నాడు కానీ, వాననీరు అద్దం పక్క నుంచి తలుపులోకి దిగుతూనే ఉంటుంది, ఆ చెక్క ఉబ్బిపోతుంది. అమ్మ కూరగాయలు తరిగే 12 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకను కోసి రెండు రింగులు చేశాను. స్పీకరు ముందుకొచ్చింది, ఇప్పుడు జాలీకి తగులుతుందా? చపాతీ పిండి ముద్ద అంటించి ప్యానెల్ నొక్కి తీశాను. నలిగిన పిండి మందమే మిగిలిన ఖాళీ. 8 మిల్లీమీటర్లుంది, చాలు.

ఆన్ చేస్తే మృదంగం మాయం! పాత స్పీకరే నయమనిపించింది. బ్యాలెన్సు ఒక పక్కకు తిప్పితే మోత తిరిగొచ్చింది. అంటే ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారు. ఒకటి బయటకు కొడుతుంటే ఇంకోటి లోపలికి లాగి మోతను చంపేస్తోంది. స్టీరియో నుంచి వైర్లు విడదీసి గడియారం సెల్లు తాకించాను. ప్లస్‌కు ప్లస్ తగిలితే కోన్ బయటకు రావాలి. కుడివైపుది లోపలికి పోయింది.

మూడో ఆదివారం

వైర్లు సరిచేసినా డొల్లతనం పోలేదు. తలుపు రేకులో పెద్ద పెద్ద రంధ్రాలు, వాటి మీద పల్చటి పాలిథిన్. కోన్ వెనక నుంచి వచ్చే శబ్దం అందులోంచి ముందుకొచ్చి ముందు శబ్దాన్ని కొట్టేస్తుంది. అన్ని స్పీకర్లు వెతికాను కానీ ఈ సంగతి ముందు ఆలోచించలేదు. అల్యూమినియం పూత ఉన్న బ్యూటైల్ రబ్బరు షీటుతో రంధ్రాలు మూశాను. రెండు తలుపులకు 1,900. చవకగా దొరికే తారు షీటు మన ఎండకు కరిగి వాసన వేస్తుంది, దాని జోలికి పోవద్దు. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయకూడదు, తాళం కడ్డీలకు షీటు అంటకూడదు.

తలుపు వేస్తే డబ్బా మోత పోయి బరువుగా మూసుకుంది. స్టీరియోలో హైపాస్ ఫిల్టరు 80 హెర్ట్జ్‌కు పెట్టాను. దాంతో మరీ లోతైన మోత ఈ చిన్న కోన్‌ల మీద పడదు.

మళ్లీ ఒంటిమిట్ట. వెళ్లేటప్పుడు అమ్మ నిద్రపోయింది. తిరిగి వచ్చేటప్పుడు మృదంగం దెబ్బ దెబ్బకూ ఎడమ తలుపులో సన్నగా టకటక. స్పీకరు కాదు. ఆ విరిగిన రెండు క్లిప్పుల చోట ప్యానెల్ రేకుకు కొట్టుకుంటోంది.