గోత్రం తెలియని అన్నకు నీళ్లు

మహాలయ అమావాస్యకు కపిలతీర్థంలో నాన్నకు తర్పణం వదలడం నాకు ఏళ్ల నాటి అలవాటు. 2025లో అది సెప్టెంబరు 21, ఆదివారం వచ్చింది. నా డయాలసిస్ మంగళ, గురు, శనివారాలు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. కానీ మెట్ల మీద కూర్చున్నప్పటి నుంచీ నా మనసంతా పక్క బెడ్ అన్న దగ్గరే ఉంది.

ఆయన చంద్రగిరి నుంచి వచ్చేవాడు. వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు పక్కపక్కనే ఉండేవాళ్లం. ఇంట్లోవాళ్లతో కూడా నేను అన్ని గంటలు కూర్చోను. కాటా ఎక్కగానే "ఏం సామీ, ఎంత పెరిగినావు?" అని అడిగేవాడు. కిడ్నీలు పనిచేయని మాకు తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి. మిషన్ మీద తీసేదాకా అదే బరువు, అదే ఆయాసం. దాహమేస్తే ఆయన ఒక ఐస్ ముక్క బుగ్గన పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "ఒక్కసారి చెంబెడు మజ్జిగ గటగటా తాగాల సామీ" అనేవాడు.

శనివారం నుంచి మంగళవారం దాకా మాకు ఎడం ఎక్కువ. ఒక మంగళవారం ఆయన రాలేదు. సిస్టర్‌ను అడిగితే తల దించుకుని దుప్పటి సర్దింది. కాసేపటికే ఆ బెడ్ మీద ఇంకో కుర్రాడు. మేమెవరం ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడితే, తర్వాత వంతు ఎవరిదన్న మాట నోట్లోంచి వస్తుందని భయం. మాకు మైల లేదు, పదకొండో రోజు పిలుపు లేదు. ఇంట్లో చెబితే "అవన్నీ మనసులో పెట్టుకోకు, టెన్షన్ పడితే బీపీ పెరుగుతుంది" అంటారు. ప్రేమతోనే అంటారు. మరి ఆ దుఃఖం ఎక్కడ దించుకోవాలి?

నాన్న వైపు, అమ్మ వైపు తరాలు అయ్యాక అయ్యవారిని అడిగాను. "ఒకాయన ఉన్నాడు స్వామీ. చుట్టం కాదు, గోత్రం తెలియదు." ఆయన "చివర్న ఉంది నాయనా" అని చెప్పించారు:

యేషాం న మాతా న పితా న బంధుర్నాన్యగోత్రిణః ।
తే సర్వే తృప్తిమాయాంతు మయోత్సృష్టైః కుశోదకైః ॥

తల్లి, తండ్రి, బంధువు, వేరే గోత్రంవారు కూడా లేనివాళ్లంతా నేను వదిలే ఈ దర్భ నీళ్లతో తృప్తి పొందుగాక. నిజానికి అన్నకు భార్యాపిల్లలున్నారు, చేయవలసింది వాళ్లు చేసే ఉంటారు. శ్లోకం ఆయనకు అచ్చంగా సరిపోదు. అయినా "తే సర్వే" అన్నచోట ఆయన్ని కూర్చోబెట్టుకున్నాను. తర్పణం అన్న మాటే తృప్తిపరచడం నుంచి వచ్చింది. దాహంతో పోయిన మనిషికి ఇంతకన్నా ఏం ఇవ్వగలను?

డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్ట్యులా ఉన్న ఎడమ చేత్తో బరువు పట్టకూడదని చెంబు మా అబ్బాయి పట్టుకున్నాడు. బొటనవేలి పక్కనుంచి నల్ల నువ్వులు నీళ్లతో జారిపోతున్నాయి. వాడు చాలనుకుని ఆపబోయాడు. రోజూ నా నీళ్లు గ్లాసుతో కొలిచిచ్చేది వాడే.

"ఇంకా పోయి నాయనా" అన్నాను. తాగన్నా, కడుపునిండా తాగు.